రఘువంశంలో హూణ స్త్రీల చెక్కిళ్ళు: పాటలమా, పాటనమా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. మా పఠన బృందంలో రఘువంశం నాలుగో సర్గ, రఘువు దిగ్విజయం, చదువుతున్నాం. 68వ శ్లోకం దగ్గర బండి ఆగిపోయింది.

తత్ర హూణావరోధానాం భర్తృషు వ్యక్తవిక్రమమ్
కపోలపాటలాదేశి బభూవ రఘుచేష్టితమ్

భర్తల మీద రఘువు చూపిన పరాక్రమం హూణ స్త్రీల చెక్కిళ్ళకు ఎరుపు నేర్పింది అని తాత్పర్యం రాసుకున్నాం. ఎరుపు దేనివల్ల? సిగ్గా, కోపమా, ఏడుపా? పైగా ఒకరి ప్రతిలో 'పాటల' ఉన్నచోట 'పాటన' అని ఉంది. అచ్చుతప్పు అనుకోవచ్చా? ఇంకొక సందేహం కూడా ఉంది. పాత తెలుగు పుస్తకాల్లో ఇంగ్లీషును 'హూణభాష' అనీ, క్రీస్తు శకాన్ని 'హూణ శకం' అనీ రాశారు. కాళిదాసు చెప్పిన హూణులకూ ఇంగ్లీషువారికీ ఏమిటి సంబంధం?

జవాబు

అది అచ్చుతప్పు కాదండీ, పాఠాంతరం, అంటే కొన్ని ప్రతుల్లో కనిపించే మరో పాఠం. నన్ను అడిగితే ఈ సర్గలో ఇంతకంటే విలువైన పాఠాంతరం లేదు. పాటలం అంటే లేత ఎరుపు. పాటనం అంటే చీల్చడం, కోయడం. లకారం చదివితే హూణ స్త్రీల చెక్కిళ్ళు ఎర్రబడ్డాయి, నకారం చదివితే వాళ్ళు చెక్కిళ్ళు కోసుకున్నారు. అనుష్టుప్పుకు రెండూ సరిపోతాయి కాబట్టి ఛందస్సు మనకు తీర్పు చెప్పదు. తీర్పు కోసం చరిత్ర దగ్గరికే వెళ్ళాలి.

ముందు మల్లినాథసూరి మాట చూద్దాం, ఎందుకంటే మనలో చాలామంది రఘువంశం చదివేది ఆయన వ్యాఖ్యతోనే. ఆయన మనవాడు, మెదక్ జిల్లా కొలిచెలమ, అంటే నేటి కుల్చారం. ఆయన 'పాటల' పాఠాన్నే తీసుకుని, కొట్టుకోవడం మొదలైనవాటి వల్ల కలిగిన ఎరుపు అని అర్థం చెప్పాడు. భర్త పోయిన స్త్రీ చెంపలు బాదుకుని ఏడవడం ఆయన చుట్టూ ఉన్న లోకంలో ఉన్నదే. హూణులు ఎవరంటే 'ఆ పేరు గల జనపదపు క్షత్రియులు' అని ఒక్క ముక్కలో ముగించాడు. ఆయన కాలానికి హూణుల యుద్ధాలు జరిగి ఎనిమిది తొమ్మిది వందల ఏళ్ళు దాటిపోయాయి. చేతిలో ఉన్న పాఠానికి అంతకంటే చక్కని అర్థం చెప్పడం ఎవరి వల్లా కాదు.

'పాటన' అన్నది కాశ్మీర పాఠ సంప్రదాయం నుంచి వచ్చింది. 10వ శతాబ్దపు రఘువంశ వ్యాఖ్యాత వల్లభదేవుడు అక్కడివాడే. మల్లినాథుడికి నాలుగైదు వందల ఏళ్ళ ముందువాడు, హూణులు ఏలిన ప్రాంతానికి దగ్గరివాడు. 'ఆదేశి' అన్న మాటను కూడా ఒకసారి గమనించండి. ఆదేశించేది అని అర్థం. రంగును ఆదేశించడం కంటే పనిని ఆదేశించడం సహజంగా ఉంటుంది కదా. 'చెక్కిళ్ళు కోసుకొమ్మని ఆజ్ఞ ఇచ్చింది రఘువు పరాక్రమం' అంటే శ్లోకం కత్తిలా నిలబడుతుంది.

ఇక చరిత్ర. చనిపోయినవారి కోసం కత్తితో ముఖం కోసుకుని రక్తం కార్చడం మధ్య ఆసియా గడ్డిమైదానాల సంచార జాతుల అంత్యక్రియల ఆచారం. కన్నీటితో రక్తం కలిసి కారాలి. సాక్ష్యాలు వేర్వేరు భాషల్లో, ఒకరినొకరు చదవని రచయితల దగ్గర దొరుకుతాయి. చైనా హాన్ సామ్రాజ్య సేనాని గెంగ్ బింగ్ క్రీ.శ. 91లో చనిపోయాడు. ఆ కబురు విన్న షియోంగ్నూలు, అంటే చైనాకు ఉత్తరాన గడ్డిమైదానాలను ఏలిన సంచారులు, దేశమంతా గొల్లుమన్నారనీ, కొందరు రక్తం కారేలా ముఖాలు కోసుకున్నారనీ చైనా చరిత్రలో ఉంది. 453లో ఐరోపాలో హూణుల రాజు అట్టిలా చనిపోయినప్పుడు అతని హూణ సైనికులు జుట్టు కత్తిరించుకుని ముఖాలు గాయపరచుకున్నారు. అంతటి వీరుడికి ఆడవారి కన్నీళ్ళు కాక మగవారి రక్తమే తగిన నివాళి అనుకున్నారట. ఇది చరిత్రకారుడు జోర్డానెస్ లాటిన్‌లో రాసిన మాట. తుర్కుల గురించి చైనా వారు ఇంకా వివరంగా రాశారు: శవాన్ని గుడారంలో ఉంచి, బంధువులు గుర్రాల మీద దాని చుట్టూ ఏడుసార్లు తిరిగి, గుమ్మం ముందుకు రాగానే కత్తితో ముఖం గీసుకుని ఏడుస్తారు.

వీటన్నిటిలో నా మనసులో నిలిచిపోయింది 576 నాటి ఘటన. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తి పంపిన రాయబారి వాలెంటినస్ తుర్కుల ఏలిక దగ్గరికి వెళ్ళాడు. సరిగ్గా అప్పుడే ఆ ఏలిక తండ్రి చనిపోయాడు. 'మా నాన్న పోయిన వేళ వచ్చారు, మా ఆచారం ప్రకారం మీరూ ముఖాలు కోసుకోవాలి' అన్నాడతను. వాలెంటినస్, అతనితో వచ్చినవారు అక్కడికక్కడే తమ బాకులతో చెక్కిళ్ళు కోసుకున్నారు. రోమన్ సామ్రాజ్యపు రాయబారి! మధ్యధరా తీరపు మనిషి గడ్డిమైదానపు దుఃఖాన్ని తన చర్మం మీద రాసుకుని ఇంటికి వెళ్ళాడు. గ్రీకు చరిత్రకారుడు మెనాండర్ ఈ సంగతి రాయకపోతే మనకు తెలిసేదే కాదు.

649లో తాంగ్ చక్రవర్తి తైజోంగ్ మరణించినప్పుడు రాజధానిలో ఉన్న పరదేశీయులు జుట్టు కత్తిరించుకున్నారు, ముఖాలు గీసుకున్నారు, చెవులు కోసుకున్నారు. నేటి చైనా పశ్చిమ భాగంలోని కూచా దగ్గరి కిజిల్ గుహల్లో 224వ గుహలో బుద్ధుడి దహనం చిత్రించారు. చుట్టూ ఉన్న శోకార్తులలో ముఖానికి కత్తి పెట్టుకున్నవారు కనిపిస్తారు. సమర్‌కంద్‌కు తూర్పున పంజికెంట్ కుడ్యచిత్రంలోనూ, గుమ్మటం లాంటి కట్టడంలో పడుకోబెట్టిన శవం చుట్టూ ఇదే దృశ్యం ఉంటుంది. బుద్ధుడి నిర్యాణానికి గడ్డిమైదానపు ఏడుపు! గంగా మైదానపు కథ ఆ దారిన వెళ్తూ వెళ్తూ దారిలోని జనం శోకించే తీరును కూడా తనలో కలుపుకుంది.

ఇన్ని సాక్ష్యాలు పక్కన పెట్టుకుని శ్లోకం మళ్ళీ చదవండి. హూణులు, చెక్కిళ్ళు, భర్తల మరణం. 'పాటన' ఉన్నచోట కవికి విషయం తెలిసి రాశాడని అర్థమవుతుంది. 'పాటల' ఉంటే అది ఏ జాతి స్త్రీలకైనా సరిపోయే మాట, హూణుల పేరు అక్కడ ఉన్నా లేకపోయినా ఒకటే. తెలియని ఆచారాన్ని తెలిసిన దానిగా లేఖకులు మార్చుకుంటూ పోవడం ప్రతుల చరిత్రలో మామూలే. ఎరుపును కోతగా ఎవరూ దిద్దరు, కోతను ఎరుపుగా దిద్దుతారు.

మరొక సభ్యుడు

చాలా ఆసక్తిగా ఉంది మాష్టారూ. కానీ ఒక అభ్యంతరం. ఏడుస్తూ గోళ్ళతో చెంపలు రక్కుకోవడం ఏ దేశంలోనైనా ఉండేదే. ఉజ్జయిని కవికి ఎక్కడో మధ్య ఆసియాలో వంక్షు నది ఒడ్డున జరిగే అంత్యక్రియలు ఎలా తెలుస్తాయి? మనం కాళిదాసు నెత్తిన లేనిపోని చరిత్రజ్ఞానం పెడుతున్నామేమో!

జవాబు

అడగవలసిన ప్రశ్న అడిగారు. ఈ ఒక్క శ్లోకమే ఉంటే నేనూ అలాగే అనేవాణ్ణి. కానీ దానికి ముందూ వెనకా ఉన్న పది శ్లోకాలు కలిపి చూడండి. 60వ శ్లోకం ఇలా మొదలవుతుంది: 'పారసీకాంస్తతో జేతుం ప్రతస్థే స్థలవర్త్మనా'. పారసీకులను జయించడానికి భూమార్గాన బయలుదేరాడు. స్థలవర్త్మం అని కవి పనిగట్టుకుని అన్నాడు. సముద్రయానం నిషిద్ధం కాబట్టి అని మల్లినాథుడు కారణం చెప్పాడు. కానీ ఆ మాట అనాల్సి వచ్చిందంటేనే పశ్చిమ తీరం నుంచి పారసీకానికి జలమార్గం, భూమార్గం రెండూ ఉన్నాయనీ, వినేవారికి రెండూ తెలుసనీ కదా అర్థం.

ఆ భూమార్గంలో ఏమేమి కనిపిస్తాయో చూడండి. ముందు పారసీకుల గుర్రపు దళం. తెగిపడిన వాళ్ళ గడ్డాల తలలు తేనెటీగలు ముసిరిన తేనెపట్టుల్లా నేలను కప్పేశాయి. తరువాత ద్రాక్షతోటల్లో పరచిన మేలిమి తోళ్ళ మీద యోధులు మధువు తాగి అలసట తీర్చుకున్నారు. అక్కడి నుంచి కుబేరుడి దిక్కుకు, అంటే ఉత్తరానికి. నది ఒడ్డున గుర్రాలు పొర్లాడి లేచి, కుంకుమపువ్వు కేసరాలు అంటుకున్న మెడలు దులిపాయి. కేసరం అంటే పూలలో ఉండేదీ, గుర్రపు జూలూ కూడా. ఇది కవి తీసుకున్న సరదా. ఆపైన హూణులు. వాళ్ళ తరువాత కాంబోజులు, ఏనుగులను కట్టిన అక్రోటు చెట్లతో పాటు వంగిపోయారు. వాళ్ళు ఇచ్చిన కప్పంలో మేలుజాతి గుర్రాలు. గడ్డాలు, ద్రాక్ష, కుంకుమపువ్వు, అక్రోటు, గుర్రాలు: ఈ వరుస బిడారుతో నడిచివచ్చిన వర్తకుడు చెప్పే వరుస.

ఆ నది ఏది అన్నదానిలోనూ రెండు పాఠాలున్నాయి. మల్లినాథుడు 'సింధుతీరవిచేష్టనైః' అని చదివి, సింధువు అంటే కాశ్మీరంలోని ఒక నది అన్నాడు. వల్లభదేవుడి పాఠం 'వంక్షు'. వంక్షువు అంటే నేటి ఆమూ దర్యా, గ్రీకుల ఆక్సస్. పారసీకం నుంచి ఉత్తరానికి నడిచేవాడికి ఎదురయ్యేది ఆమూ దర్యాయే. కాళిదాసును సాధారణంగా రెండవ చంద్రగుప్తుడి కాలంలోనో ఆ వెంటనేనో పెడతారు. అప్పటికి హూణులు బాహ్లీక ప్రాంతంలో ఉన్నారు, ఇంకా గంగా మైదానానికి రాలేదు. అంటే కవి వాళ్ళను సరిగ్గా వాళ్ళు ఉన్నచోటే పెట్టాడు. భూగోళం ఇంత కచ్చితంగా తెలిసినవాడికి ఆచారం కూడా చెవిన పడి ఉంటుందనడం అతిశయోక్తి కాదని నా నమ్మకం.

కుంకుమపువ్వు కాశ్మీరంలోనే కదా అని కొందరు సింధు పాఠాన్ని సమర్థిస్తారు. దానికి అమరకోశమే జవాబు. 'కాశ్మీరజన్మాగ్నిశిఖం వరం బాహ్లీకపీతనే' అని కుంకుమపువ్వు పేర్లలో బాహ్లీకం కూడా ఉంది. బాహ్లీకం అంటే నేటి ఉత్తర అఫ్ఘానిస్తాన్‌లోని బల్ఖ్. అదే అమరకోశంలో ఇంగువ పేర్లు చూడండి: 'సహస్రవేధి జతుకం బాహ్లీకం హింగు రామఠం'. మన పులిహోరలో పడే ఇంగువకూ బల్ఖ్ పేరే! గుర్రాల దగ్గర 'వనాయుజాః పారసీకాః కాంబోజా బాహ్లికా హయాః' అని నాలుగు జాతులూ నాలుగు దేశాల పేర్లే. చిన్నప్పుడు అమరం వల్లె వేసిన ప్రతి విద్యార్థీ తెలియకుండానే మధ్య ఆసియా వర్తకుల సరుకుల పట్టీ వల్లె వేశాడు.

ఒక సభ్యురాలు

షియోంగ్నూలు అన్నారు, హూణులు అన్నారు, అట్టిలా హూణులు అన్నారు. ఇవన్నీ ఒకే పేరేనా? పేరు పోలినంత మాత్రాన కలిపేయవచ్చా?

జవాబు

పేరు వేరు, వంశం వేరు అమ్మా. సంచార సామ్రాజ్యం అంటే ఒకే రక్తం గల జాతి కాదు, ఒక పేరు కింద చేరిన అనేక గుంపుల కూటమి. పాత పేరుకు పరువు ఉంటే కొత్త గుంపు దాన్ని పెట్టుకుంటుంది. కాబట్టి షియోంగ్నూల మునిమనవలే అట్టిలా సైనికులు అని ఎవరైనా అంటే ఒప్పుకోనక్కరలేదు. పేరు మాత్రం ప్రయాణించింది. దానికి గట్టి సాక్ష్యం ఒక తపాలా సంచిలో దొరికింది.

1907లో ఆరెల్ స్టైన్ చైనా పశ్చిమ సరిహద్దున, దున్‌హువాంగ్‌కు పశ్చిమంగా ఉన్న ఒక కావలి బురుజు శిథిలాల్లో కొన్ని ఉత్తరాలు కనుక్కున్నాడు. కాగితం మీద, సోగ్డియన్ భాషలో రాసినవి. సోగ్డియన్లు సమర్‌కంద్ ప్రాంతపు వర్తకులు. చైనా నుంచి పంపిన ఆ ఉత్తరాలు గమ్యం చేరకుండానే అక్కడ ఆగిపోయాయి. వాటిలో రెండవది నానైవందక్ అనే వర్తకుడు సమర్‌కంద్‌లోని తన యజమానులకు రాసింది. కరువు వల్ల చక్రవర్తి లువోయాంగ్ విడిచి పారిపోయాడనీ, కోట తగలబడిందనీ, నగరం ఇక లేదనీ రాశాడు. ఆ నగరాన్ని 311లో కొల్లగొట్టినవారు షియోంగ్నూ సేనలు. నిన్నటి దాకా చక్రవర్తి కింద ఉన్న వీళ్ళను నానైవందక్ ఏమని పిలిచాడు? 'హూన్' అని. చైనావారు షియోంగ్నూ అనేవాళ్ళను సమర్‌కంద్ వర్తకుడు హూన్ అన్నాడు. ఉత్తరాన్ని 313 ప్రాంతానిదిగా లెక్కకట్టారు. అంటే కాళిదాసుకు దాదాపు ఒక శతాబ్దం ముందు.

అదే ఉత్తరంలో ఇంకొక వాక్యం ఉంది. లువోయాంగ్‌లో ఉన్న భారతీయులు, సోగ్డియన్లు అందరూ ఆకలితో చనిపోయారని. ఆ భారతీయులు ఏ ఊరివారో, ఏ భాష మాట్లాడారో ఉత్తరంలో లేదు. పట్టు కొనడానికో, కస్తూరి అమ్మడానికో అంతదూరం వెళ్ళి, హూణుల యుద్ధంలో చిక్కుకుని, అన్నం దొరక్క పోయినవారు. హూణుల వల్ల నష్టపోయిన భారతీయుల ప్రస్తావన మన శాసనాల కంటే నూటనలభై ఏళ్ళ ముందే ఒక సమర్‌కంద్ వర్తకుడి ఉత్తరంలో ఉందన్నమాట.

ఆ సంచిలోనే మివ్‌నయ్ అనే స్త్రీ రాసిన ఉత్తరాలూ ఉన్నాయి. భర్త ఆమెను దున్‌హువాంగ్‌లో వదిలేసి వెళ్ళాడు. అప్పులు, పస్తులు, పక్కన కూతురు. తల్లి మాట, అన్నదమ్ముల మాట వినకుండా నీ మాట విని ఇంతదూరం వచ్చాను, నీ భార్యగా ఉండేకంటే ఏ కుక్కకో పందికో భార్యనై ఉన్నా బాగుండేది అని రాసింది. వర్తక మార్గాల గురించి రాసే పుస్తకాల్లో పట్టు, సుగంధద్రవ్యాలే కనిపిస్తాయి. ఈమె గొంతు కూడా ఆ మార్గంలోనిదే. అందుకే చర్చకు సూటిగా సంబంధం లేకపోయినా ఇక్కడ రాస్తున్నాను.

సంస్కృతం వైపు నుంచి కూడా సాక్ష్యం ఉంది. దున్‌హువాంగ్‌లోనే పుట్టిన ధర్మరక్షుడు అనే బౌద్ధ భిక్షువు సంస్కృత గ్రంథాలను చైనా భాషలోకి అనువదించాడు. లలితవిస్తరంలో బాల సిద్ధార్థుడికి తెలిసిన అరవైనాలుగు లిపుల పట్టీలో హూణలిపి కూడా ఉంది. 308లో దాన్ని అనువదిస్తూ ధర్మరక్షుడు 'హూణ' ఉన్నచోట షియోంగ్నూ అని రాశాడు. వర్తకుడు, అనువాదకుడు, ఇద్దరూ ఒకరికొకరు తెలియకుండా ఒకే సమీకరణం ఇచ్చారు. కాబట్టి 'హూణ' మన భాషల్లోకి కత్తుల కంటే ముందే వర్తకుల నోట, భిక్షువుల గంటాన వచ్చిందని ధైర్యంగా చెప్పవచ్చు.

షియోంగ్నూల గురించి నాలుగు మాటలు. క్రీ.పూ. 209లో మోదు అనే నాయకుడు గడ్డిమైదానపు తెగలను ఒక్కటి చేశాడు. క్రీ.పూ. 200లో హాన్ చక్రవర్తినే ముట్టడించి చిక్కించుకున్నంత పని చేశాడు. ఆ తరువాత చైనావారు ఏటా పట్టు, ధాన్యం పంపి, రాజకుమార్తెలను ఇచ్చి సంధి చేసుకున్నారు. ఆ పట్టు గురించి చైనా చరిత్రకారుడు సీమా చ్యెన్ చెప్పిన సంగతి ఒకటుంది. చైనా నుంచి వచ్చి షియోంగ్నూల పక్షం చేరిన ఒక నపుంసక ఉద్యోగి వాళ్ళ ఏలికకు హితబోధ చేశాడు: పట్టు కట్టుకుని ముళ్ళపొదల్లో గుర్రం తోలండి, చిరిగి పీలికలవుతుంది, మీ కంబళ్ళూ తోళ్ళే మేలు అని. బోధ ఫలించలేదు. మంగోలియాలోని నోయిన్-ఉలా సమాధుల్లో చైనా పట్టు, లక్క పాత్రలు, పడమటి దేశాల ఉన్ని వస్త్రాలు పక్కపక్కనే దొరికాయి. ఒక లక్క గిన్నె మీద క్రీ.పూ. 2కు సరిపోయే తేదీ ఉంది. వాళ్ళకు అవసరమైన దానికంటే ఎక్కువ పట్టు చేరింది, మిగిలింది పడమటికి కదిలింది.

మొదటి అభ్యంతరం చెప్పిన సభ్యుడు

పేరు సంగతి ఒప్పుకుంటాను. కానీ హూణ రాజు మిహిరకులుడి వంటి క్రూరుల జాతి గురించి మాట్లాడుతూ వర్తకం, పట్టు, ఆచారాలు అంటూ దాన్ని సాంస్కృతిక వినిమయంగా చూపడం మింగుడు పడటం లేదు.

జవాబు

పడకూడదు కూడా. గుప్త చక్రవర్తి స్కందగుప్తుడి భీతరి స్తంభ శాసనంలో 'హూణైర్యస్య సమాగతస్య సమరే దోర్భ్యాం ధరా కంపితా' అని ఉంది. హూణులతో అతను తలపడినప్పుడు అతని భుజబలానికి భూమి కంపించిందట. పొగడ్తే అయినా, ఆ కంపనం వెనుక ఎన్ని ఊళ్ళు మసైపోయాయో ఊహించవచ్చు. మిహిరకులుడి క్రూరత్వాన్ని హ్యూన్‌త్సాంగ్, కల్హణుడు ఇద్దరూ రాశారు. అతన్ని లొంగదీసుకున్నట్టు యశోధర్ముడు మంద్‌సోర్ దగ్గర స్తంభం మీద చెక్కించుకున్నాడు. వీటిలో ఏదీ దాచవలసిన పని లేదు.

అయితే మధ్యప్రదేశ్‌లోని ఏరణ్‌కు వెళ్తే మరో సంగతి తెలుస్తుంది. అక్కడ 484లో బుధగుప్తుడి పాలనలో మాతృవిష్ణు, ధన్యవిష్ణు అనే అన్నదమ్ములు ఒక ధ్వజస్తంభం ఎత్తారు. అన్న పోయాక తమ్ముడు ధన్యవిష్ణు ఒక భారీ వరాహమూర్తిని నిలబెట్టాడు. ఆ వరాహం రొమ్ము మీద చెక్కిన శాసనం ఏ రాజు పేరుతో మొదలవుతుందంటే, మహారాజాధిరాజ తోరమాణుడి మొదటి పాలన సంవత్సరంతో. తోరమాణుడు హూణుడు, మిహిరకులుడి తండ్రి. అదే ఊరు, అదే కుటుంబం, అదే విష్ణువు, రాజు మాత్రం మారాడు. గుజరాత్‌లోని సంజేలిలో దొరికిన రాగిరేకుల్లో తోరమాణుడి మూడవ సంవత్సరంలో వర్తకులు ఒక విష్ణ్వాలయానికి చేసిన దానం నమోదైంది. వాళ్ళలో స్థానికులూ ఉన్నారు, పరదేశాల నుంచి వచ్చినవారూ ఉన్నారు. యుద్ధం జరిగింది, బిడార్లూ నడిచాయి. రెండూ నిజమే.

సంచార రాజుకు వర్తకుడు కావాలి, ఎందుకంటే అతని పశువులు పట్టునూ ధాన్యాన్నీ ఈనవు. వర్తకుడికి సంచార రాజు కావాలి, ఎందుకంటే వేల కోసుల దారిలో ఒకే సుంకం, ఒకే కాపలా ఉండాలంటే అంత పెద్ద ఏలిక ఉండాలి. ఈ లెక్క ఎంత దూరం వెళ్ళిందో చెప్పే కథ ఒకటి. తుర్కుల రాజ్యంలోని సోగ్డియన్లు పారసీక దేశంలో పట్టు అమ్ముకోవడానికి అనుమతి అడిగారు. పారసీక రాజు ఖుస్రో ఆ పట్టంతా కొన్నాడు, వెల చెల్లించాడు, వాళ్ళ కళ్ళముందే తగలబెట్టించాడు. తుర్కుల పట్టు తనకు అక్కరలేదని చెప్పడానికి. అలా చేయమని సలహా ఇచ్చినవాడు కతుల్ఫ్, శ్వేతహూణుడు, అంటే తుర్కులకు ముందు మధ్య ఆసియాను ఏలిన హూణ శాఖవాడు! తన రాజు తన భార్యను చెరిచాడన్న కసితో సొంత జాతినే తుర్కులకు పట్టించి, తరువాత తుర్కులనూ విడిచి పారసీకం చేరినవాడు అతను. అప్పుడు మానియాఖ్ అనే సోగ్డియన్ పెద్ద, పారసీకాన్ని చుట్టుకుని, కాకసస్ కొండలు దాటి 568లో కాన్‌స్టాంటినోపుల్ చేరి రోమన్లతో నేరుగా బేరం కుదుర్చుకున్నాడు. పైన చెప్పిన వాలెంటినస్ రాయబారం ఆ బంధం వల్లే జరిగింది. అతని చెంప మీద గాటు పట్టు వ్యాపారం పెట్టిన గాటే.

ఇక హూణభాష సంగతి. హూణ రాజ్యాలు పోయాక కూడా పేరు సంస్కృత కవుల నోట నిలిచింది. 7వ శతాబ్దంలో బాణుడు హర్షుడి తండ్రి ప్రభాకరవర్ధనుణ్ణి 'హూణహరిణకేసరి' అన్నాడు, హూణులనే జింకలకు సింహం అని. క్రమంగా ఆ పేరు పెట్టుకున్న జనం మన సమాజంలో కలిసిపోయారు, పేరు ఒంటరిగా మిగిలింది. ఎక్కడి నుంచో వచ్చి, మన ఆచారం పాటించని, బలవంతుడైన పరదేశికి పేరు కావలసి వచ్చినప్పుడు పండితులు దాన్ని బయటికి తీశారు. 17వ శతాబ్దంలో కంచి ప్రాంతపు వేంకటాధ్వరి విశ్వగుణాదర్శంలో నేటి చెన్నైలోని తిరువల్లిక్కేణి దగ్గర కాపురమున్న తెల్లవారిని చూసి 'హూణాః కరుణాహీనాస్తృణవద్బ్రాహ్మణగణం న గణయంతి' అన్నాడు. దయలేని హూణులు బ్రాహ్మణులను గడ్డిపోచలా చూస్తున్నారని. ఆ గ్రంథం ఇద్దరు గంధర్వుల సంవాదం కాబట్టి వెంటనే రెండోవాడు జవాబిస్తాడు: వీళ్ళు అన్యాయంగా పరుల సొమ్ము లాక్కోరు, అబద్ధమాడరు, అద్భుతమైన వస్తువులు తయారుచేస్తారు, తప్పు చేసినవారిని విధి ప్రకారం శిక్షిస్తారు, ఆ గుణాలు కూడా చూడు అని. తరువాతి చరిత్ర తెలిసిన మనకు ఆ జవాబు చేదుగా ఉంటుంది. కానీ పరదేశిని రెండు కళ్ళతో చూడాలన్న ఆ పట్టుదల నాకు ఇష్టం. 19వ శతాబ్దపు తెలుగు పండితులకు ఆ వాడుక అప్పటికే సిద్ధంగా ఉంది, ఇంగ్లీషు హూణభాష అయింది.

'హూణ శకం' ఇంకా విచిత్రం. 'శకం' అన్నదే ఒక సంచార జాతి పేరు. శకులు గడ్డిమైదానాల నుంచి వచ్చి పశ్చిమ భారతాన్ని ఏలారు, 78లో మొదలైన లెక్కను వాళ్ళ క్షత్రపులు తరాల తరబడి వాడారు. ఆ లెక్కకు శకనృపుల పేరు స్థిరపడింది, ఆపైన ఏ లెక్కకైనా శకం అన్నదే మాట అయింది. ఉగాది నాడు పంచాంగం చదువుతూ శాలివాహన శకం అంటున్నామంటే, ఆ శకులను ఓడించినవాడిగా కథల్లో వినిపించే రాజునూ, ఓడిపోయిన శకులనూ ఒకే ఊపిరిలో తలుస్తున్నాం. క్రీస్తు పేరు పలకడం ఇష్టంలేని పండితుడు హూణ శకం అని రాస్తే, ఆ రెండు మాటలూ వంక్షు నది అవతలి గుర్రపు రౌతులవే అయ్యాయి.

మొదటి ప్రశ్న అడిగిన సభ్యురాలు

ధన్యవాదాలండీ. మరి వచ్చే ఆదివారం బృందానికి ఇచ్చే ప్రతిలో ఏ పాఠం పెట్టమంటారు?

జవాబు

పైన మల్లినాథ పాఠమే ఉంచండి, మీ అందరి దగ్గరా ఉన్న వ్యాఖ్య దానికే. కింద 67కు 'వంక్షు', 68కి 'పాటన' అని రెండు పాఠాంతరాలూ ఇచ్చి, రెండూ కలిపి చదవమని రాయండి. నది వంక్షువైతేనే హూణులు తమ చోట ఉంటారు, హూణులు తమ చోట ఉంటేనే చెక్కిళ్ళ కోతకు అర్థం కుదురుతుంది. ఒకటి తీసుకుని ఒకటి వదిలేస్తే పట్టు తప్పుతుంది. వీలైతే 60 నుంచి 70 వరకు ఒకే విడతలో, ఆసియా పటం ముందు పెట్టుకుని చదవండి. కాంబోజుల అక్రోటు చెట్ల దగ్గర ఎవరికైనా సందేహం వస్తే ఇక్కడే రాయండి, ఆ శ్లోకం మీద చెప్పవలసింది ఇంకా చాలా ఉంది.